వాగు మొక్కకు రెండో పేరు

లివర్‌వర్ట్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ "నాచు" అని చెప్పేస్తారు. మొదట్లో దిద్దేదాన్ని. రిటైరైన తర్వాత దిద్దడం మానేశాను. అది నాచు కాదు గానీ చూడడానికి దాని చుట్టంలాగే ఉంటుంది. నిజమైన వేరు లేదు, పువ్వు లేదు, గింజ లేదు. వాగులో తుంపర పడే రాళ్లను కరచుకుని, చీమ కన్నా చిన్న ఆకులను వరుసగా పరుచుకుని బతుకుతుంది. అలాంటి మొక్క పేరు మీద ఒక వాగు బాగోగులు ఆధారపడిన రోజులు నా ఉద్యోగంలో వచ్చాయి. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన మీకోసం ఆ సంగతి రాస్తున్నాను. ఇందులో గొప్ప ఆవిష్కరణ ఏదీ లేదు. ఉన్న ఒక్క ఆవిష్కరణా పోయిన కథ ఇది.

నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. పాఠాలతోపాటు మా హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కలను దాచే గది, నా చేతిలోనే ఉండేది. గది అంటే పెద్దగా ఊహించుకోకండి. ప్రయోగశాల వెనక రెండు ఇనుప బీరువాలు, ఒక బల్ల, కళ్లు మండించే కలరా ఉండల వాసన. పూల మొక్కలను అట్టల మీద అతికిస్తాం. నాచుల్లాంటి చిన్నవాటిని మడత పెట్టిన కాగితపు పొట్లాల్లో ఉంచుతాం. పొట్లం మీది చీటీలో మొక్క పేరు, దొరికిన చోటు, తెచ్చినవాళ్ల పేరు రాస్తాం.

ఆ పొట్లాల్లో ఎక్కువ భాగం మా సారు తెచ్చినవే. నేను చేరేనాటికి ఆయనే మా శాఖకు పెద్ద. కరీంనగర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్నగారిది గడియారాలు బాగుచేసే దుకాణం. చిన్నప్పటి నుంచి చిన్న చిన్న చక్రాలను చూసిన కళ్లు కాబట్టే తనకు చిన్న మొక్కలు నచ్చాయని సారు అనేవారు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, క్లాసులో ఇంగ్లిషు. కోపం వస్తే మూడూ కలిసేవి.

పడుచు వయసులో సారు ఒక వానాకాలం ఆసిఫాబాద్ బస్సెక్కి, కెరమెరి ఘాట్ అవతలి కొండల్లోకి ఒక్కరే గొడుగేసుకుని వెళ్లారట. అక్కడ ఒక వాగు దూకే చోట, నీటి తెర వెనక రాయి మీద ఈ లివర్‌వర్ట్‌ను గీకి తెచ్చారు. పుస్తకాలతో పోల్చి, ఎక్కడెక్కడి నుంచో నమూనాలు తెప్పించుకుని చూసి, హిమాలయాల చల్లటి వాగుల్లో తప్ప ఇంకెక్కడా దొరకని జాతి ఇదని నిర్ధారించారు. ఒక చిన్న పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ తర్వాత ఈ మొక్క గురించి రాసిన ప్రతివాళ్లూ "దక్షిణాదిలో ఒకే ఒక్క చోటు" అని మా వాగును పేర్కొనేవారు. మా కాలేజీకి ఉన్న గొప్ప అదే. తనిఖీకి ఎవరు వచ్చినా ప్రిన్సిపాల్ ముందుగా ఆ పొట్లమే తెప్పించేవారు. సారు దాని మీద ఒక నీటి చుక్క వేసేవారు. ముడుచుకున్న మొక్క నిమిషంలో ఆకులు విచ్చుకునేది. పిల్లలు "అబ్బ" అనేవాళ్లు. సారు ఆ "అబ్బ" కోసమే ఏడాదంతా ఎదురుచూసేవారేమో అనిపించేది.

సారు రిటైరై చాలా ఏళ్లయింది. నేనూ దిగిపోయే వయసుకు దగ్గరపడ్డాను. అప్పుడు ఒక రోజు మా పాత విద్యార్థి ఒకతను గదిలోకి వచ్చాడు. ఆ కొండల్లోనే అడవి ఆఫీసరుగా పనిచేస్తున్నాడు. చెప్పులు బయటే విడిచి, బీరువాల ముందు నిలబడి సంగతి చెప్పాడు.

"మేడం, మన సారు మొక్క దొరికిన వాగు దగ్గర టూరిస్టుల కోసం కొలను కడతరట. వాగుకు అడ్డం గోడ, స్నానానికి మెట్లు, బట్టలు మార్చుకునే అర్రలు. నేను సారు వ్యాసం చూపించి ఆపించిన. గిప్పుడు పైనుంచి అడుగుతున్రు. ఎన్నటిదో రికార్డు, మొక్క ఇంకా ఉన్నదో లేదో ఎవ్వలకెరుక అంటున్రు. మీరు జర వచ్చి చూసి, ఉన్నదని రాసియ్యిన్రి."

సారును కలవడానికి వెళ్లాను. షుగరు వల్ల ఆయన చూపు అప్పటికే బాగా తగ్గిపోయింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది మసక. నా గొంతు గుర్తుపట్టి లేచి కూర్చున్నారు. విషయం విని, వెంటనే దారి చెప్పడం మొదలుపెట్టారు.

"నీళ్ల ముందట నిలబడి చూస్తే ఏం కనపడదు బేటా. ఎడమ దిక్కు రాళ్లు పట్టుకొని ఎనకకు పోవాలె. నేను రాను. జారి పడితే నన్ను మోసుడు నీ తోటి కాదు."

ఆ వానాకాలమే వెళ్లాను. ఆసిఫాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆఫీసరు జీపు. వాగుకు కిందుగా ఒక చిన్న గోండు గూడెం ఉంది. చివరి ఇంటి ముసలమ్మ మాకు దారి చూపిస్తానని ముందు నడిచింది. ఆఫీసరు ఆమెను అవ్వా అని పిలిచేవాడు, నేనూ అలాగే పిలిచాను. రాళ్ల మీద ఆమె నడుస్తుంటే నేను పాకుతున్నాను.

"గంత చిన్న గడ్డి కోసం గింత దూరం వచ్చినవా పంతులమ్మా? మా మేకలు సుత ముట్టయి దాన్ని," అంది అవ్వ.

"తినేదానికి కాదవ్వా, చూసేదానికి."

"చూసేదానికా!" అని నవ్వి, నా చేయి పట్టుకుని నీటి తెర వెనక్కి లాగింది.

అక్కడ ఉంది. నల్లటి రాయి మీద, అరచేయంత మేర, పచ్చగా. లెన్సు పెట్టి చూస్తే ఆకుల మీద నీళ్లు మెరుస్తున్నాయి. ఇన్నేళ్లూ పొట్లంలో గోధుమ రంగు పొడిలా చూసిన మొక్కను బతికుండగా చూడడం అదే మొదటిసారి. ఆఫీసరు "దొరికిందా మేడం?" అని బయటి నుంచి అరుస్తున్నాడు. నేను ఇంకోసారి లెన్సు పెట్టి చూసుకున్నాను.

అక్కడ ఫోను కలవదు. ఘాటు దిగాక సారుకు చేశాను.

"ఉన్నదా?"

"ఉన్నది సార్."

 "అల్‌హందులిల్లా" అన్నారు. ఆ వెంటనే, "నీళ్లు అట్లనే చల్లగున్నయా?" అని అడిగారు.

ఇక్కడ కొంచెం మన శాస్త్రం చెప్పక తప్పదు. ఈ మొక్కల కణాల్లో చిన్న నూనె బిందువులు ఉంటాయి. ఒక్కో జాతిలో వాటి సంఖ్య వేరు, ఆకారం వేరు. దగ్గరి జాతులను విడదీయడానికి అదే గట్టి గుర్తు. చిక్కేమిటంటే, మొక్క ఎండిపోగానే ఆ బిందువులు మాయమవుతాయి. మళ్లీ తడిపితే ఆకు విచ్చుకుంటుంది గానీ నూనె తిరిగి రాదు. సారు ఆ కాలంలో మొక్కను కాగితంలో చుట్టి తెచ్చారు. బస్సులు మారి కరీంనగర్ చేరేసరికి అది ఎండిపోయింది. ఆయన ఆకుల ఆకారం చూసి మాత్రమే పేరు పెట్టారు. నేను టిఫిన్ డబ్బాలో తడి గుడ్డ పరిచి, మొక్కను పచ్చిగానే తెచ్చాను.

మర్నాడు పొద్దున్నే మైక్రోస్కోపు కింద ఒక ఆకు పెట్టాను. సారు చెప్పిన హిమాలయ జాతి అయితే ఒక్కో కణంలో నూనె బిందువులు బోలెడన్ని, సన్నగా, నునుపుగా ఉండాలి. నాకు కనిపించినవి రెండో మూడో, పెద్దవి, బొడిపెలతో, ద్రాక్షగుత్తుల్లా ఉన్నాయి. ఇంకో ఆకు పెట్టాను. ఇంకో కొమ్మ తీశాను. సాయంత్రం దాకా అదే కనిపించింది. వేరే రాష్ట్రంలో ఈ మొక్కల మీదే పనిచేసే ఒక పెద్దాయనకు ఫోటోలు పంపాను. ఆయన మెత్తగానే చెప్పారు: ఇది దక్షిణాది కొండల్లో చాలా చోట్ల దొరికే జాతే, ఆకులు ఎండితే ఇదీ హిమాలయ జాతీ ఒక్కలాగే కనిపిస్తాయి, ఎవరైనా పొరబడతారు అని.

 ఆఫీసరు నన్ను అడిగింది "మొక్క ఉందా" అని మాత్రమే. "ఉంది" అని రాస్తే అబద్ధం కూడా కాదు. వాగు మిగులుతుంది, సారు పరువు మిగులుతుంది. ఆ ఒక్క వాక్యాన్ని మనసులో తిప్పుకుంటూ కొన్ని రోజులు తిరిగాను. క్లాసులో పాఠం చెబుతుంటే కూడా అదే. చివరికి సారు ఇంటికే నడిచాను.

సారు భార్య చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టి లోపలికి వెళ్లారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. సారు మొహం ఎర్రబడింది.

"కాదు. నీ మైక్రోస్కోపు అద్దానికి మురికి పట్టింది. తుడిచినవా?"

"తుడిచిన సార్."

"నువ్వు వేరే రాయి మీద మొక్క తెచ్చినవ్."

"మీరు చెప్పిన జాగనే సార్. ఎడమ దిక్కు, నీళ్ల ఎనక."

చాయ్ చల్లారిపోయింది. నేను లేవబోతుంటే అన్నారు: "రేపు నన్ను కాలేజీకి తీసుకపో. నేను చూస్త."

చూపు లేని మనిషి ఏం చూస్తారని నాకు అనిపించింది. అయితే అప్పటికి మా ప్రయోగశాలకు కెమెరా మైక్రోస్కోపు వచ్చింది. ఆకులోని కణం పెద్ద తెర మీద పళ్లెమంత కనిపిస్తుంది. మర్నాడు సారును దాని ముందు కూర్చోబెట్టాను. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా జరిగి, పనిచేసే కంటితో ఒక్కో కణాన్నీ వెతుకుతూ కూర్చున్నారు.

"గిది ముదురాకు. లేతది పెట్టు."

పెట్టాను.

"ఇంకొకటి."

అదీ పెట్టాను. అలా ఎన్ని ఆకులు మార్చానో. పక్క గదిలో పిల్లల గోల ఆగిపోయింది, కాలేజీ విడిచిపెట్టారు. సారు అద్దాలు తీసి కుర్తా అంచుతో తుడుచుకున్నారు. తుడవడం అయిపోయినా పెట్టుకోలేదు.

"ఇన్నేండ్లు పిల్లలకు గీ పొట్లమే చూపించిన గదా బేటా."

"మీ తప్పు కాదు సార్. మీరు ఎండినదే చూసిన్రు."

"ఎండినది చూసి, పచ్చిది చూసినంత గట్టిగ రాసిన. గదే తప్పు."

 వాగు సంగతి గుర్తుచేశాను. పేరు మారిస్తే గోడ కట్టేస్తారని, ఆఫీసరు అడిగినదానికి మాత్రమే జవాబిచ్చి, పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చునేమోనని నసిగాను. సారు నా వైపు తిరిగారు.

"తప్పు పేరు మీద వాగును నిలబెడితే, రేపు ఎవడో ఒకడు వచ్చి పేరు దిద్దుతడు. దిద్దినోడే వాగును పోగొట్టినోడైతడు. గా పాపం ఎవని మెడకు చుట్టాల్నని చూస్తున్నవ్?" అన్నారు. బీరువా వైపు చేయి చాపి, "పొట్లం తియ్" అన్నారు.

హెర్బేరియంలో పాత చీటీని చింపకూడదు. తప్పైనా సరే, అది అలాగే ఉండాలి. దాని పక్కన కొత్త నిర్ధారణ చీటీ పెడతాం. నేను రాస్తానంటే సారు ఒప్పుకోలేదు. లావు పెన్ను అడిగి తెప్పించుకుని, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే మళ్లీ మళ్లీ రాసి, మూడు చీటీలు పాడుచేసి, నాలుగో దాని మీద కొత్త పేరు రాశారు. కింద తన సంతకం పెట్టారు. పాత చీటీ మీదా కొత్త చీటీ మీదా ఒకటే సంతకం. తన తప్పును తానే దిద్దుకున్న పొట్లం మా బీరువాలో అదొక్కటే.

ఆఫీసరుకు ఉన్నదున్నట్టు రాశాను. చదివి అతను ఫోన్లో నిట్టూర్చాడు. "పరేషాన్ చేసిన్రు మేడం," అన్నాడు గానీ కోప్పడలేదు. వాగు దగ్గరే అందరూ కలిసి మాట్లాడే రోజు ఒకటి పెట్టించాడు. నేను వస్తానంటే, సారు కూడా వస్తానని పట్టుబట్టారు. జీపులో తీసుకెళ్లి, వాగు ఒడ్డున మడత కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కొలను కట్టించాల్సిన ఇంజనీరు ప్లాను కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. గూడెం వాళ్లు కొంచెం ఎడంగా నిలబడ్డారు.

సారు లేచి నిలబడ్డారు. నీళ్ల చప్పుడుకు గొంతు పెంచాల్సి వచ్చింది.

"గీ వాగుల అరుదైన మొక్క ఉన్నదని రాసినోణ్ని నేనే. నేను చెప్పింది తప్పు. మొక్క ఉన్నది, గాని అది మామూలుదే. మిమ్ముల ఇన్ని దినాలు ఆపినందుకు మాఫ్ చెయ్యిన్రి."

ఇంజనీరు చెడ్డవాడేమీ కాదు. సారు దగ్గరికి వచ్చి, చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత నా వైపు చూసి, "ఇంక అడ్డం ఏం లేనట్టే గదా మేడం?" అన్నాడు.

నేను చెప్పగలిగింది చెప్పాను. మామూలుదైనా ఈ మొక్క సబ్బు నీళ్లలో, బురద నీళ్లలో బతకదని, ఇది ఉందంటే ఇక్కడ నీళ్లు ఇంకా శుభ్రంగా ఉన్నట్టేనని అన్నాను.

"మామూలు మొక్కనే గదా. ఇంకో వాగుల ఉంటది," అన్నాడు ఇంజనీరు.

అది నిజమే.  ఆఫీసరు నేల చూస్తున్నాడు. అప్పుడు అవ్వ ముందుకు వచ్చింది. నాకు దారి చూపించిన అవ్వే.

"సారూ, గడ్డి ముచ్చట మాకెరుక లేదు. మేం తాగేటియి గీ నీళ్లే."

ఇంజనీరు ప్లాను విప్పి చూశాడు. "గూడెంల బోరింగు ఉన్నదని రాసున్నది కదమ్మా."

"ఉన్నది. ఎండకాలం ఒస్తే ఎర్ర నీళ్లు పోస్తది. తాగితే పిల్లలకు కడుపునొప్పి. గప్పుడు గీడికే వస్తం. గీడ మీరు సబ్బు రుద్దుకొని తానాలు చేస్తే, కింద మేమేం తాగాలె?"

 సారే అడిగారు: "మరి గీ ముచ్చట ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదవ్వా?"

అవ్వ ఆశ్చర్యంగా చూసింది. "పని ఆగిందన్నరు. గడ్డి కోసం ఆగిందన్నరు. ఎట్లనో అట్ల ఆగింది గదా అని ఊకున్నం. మమ్ముల ఎవ్వలన్న అడిగితె గదా చెప్పేటిది."

సారు పెద్దగా నవ్వారు. ఆయన అలా నవ్వి ఎంత కాలమైందో. నాకూ నవ్వు వచ్చింది, దాంతోపాటే సిగ్గూ వచ్చింది. ఆ రాళ్ల మీద నా చేయి పట్టుకుని నడిపించిన మనిషిని, ఈ నీళ్లతో మీకేం పని అని నేనూ అడగలేదు.

ఇంజనీరు ప్లాను మడిచి, ఆఫీసరుతో కలిసి వాగు వెంట కిందికి నడిచాడు. గూడెం దాటాక ఆ వాగు ఇంకో పెద్ద వాగులో కలిసే చోటు దాకా పోయి, చాలాసేపటికి తిరిగొచ్చాడు. కొలను అక్కడ కట్టొచ్చేమో, రాసి చూస్తానన్నాడు. మాట ఇవ్వలేనని కూడా అన్నాడు. ఆ తర్వాత ఉత్తరాలు అటూ ఇటూ తిరిగి, ఆఫీసరు బదిలీ అయ్యి, ఇంకొకరు వచ్చి, చివరికి కొలను కిందనే కట్టారు. అంతా మంచే జరిగిందని చెప్పను. బండ్లు నిలపడానికి నాలుగు పెద్ద ఇప్పచెట్లు కొట్టేశారు. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరుకునేది అవ్వవాళ్లే. తర్వాత ఒకసారి వెళ్తే ఆమె నాతో మాట్లాడింది గానీ, ఆ చెట్ల గురించే ఎక్కువసేపు మాట్లాడింది. పైన వాగు మాత్రం అలాగే ఉంది.

సవరణను సారు అదే పత్రికకు పంపారు. ఆయన చెబితే నేను రాశాను. ఒక్క పేరా. అది అచ్చయిన తర్వాత ఆయన కొన్నాళ్లు ఇల్లు కదల్లేదు. స్నేహితులు చాయ్ హోటల్‌కి రమ్మంటే కాళ్ల నొప్పులన్నారు. "నన్ను చూసి నవ్వుతరు బేటా" అని నాతో ఒకసారి అన్నారు.

ఎవరూ నవ్వలేదు. జరిగింది వేరు. ఎక్కడెక్కడి కాలేజీల నుంచో మాకు పొట్లాలు రావడం మొదలైంది. మా దగ్గరా పాత నమూనాలున్నాయి, పేరు మీద అనుమానముంది, మీ సారు ఒకసారి చూస్తారా అని. తన తప్పును అచ్చువేయించుకున్న మనిషి ఇంకొకరి తప్పును ఎగతాళి చేయడని వాళ్లకు అనిపించి ఉండాలి. వారానికి ఒక రోజు సారును కాలేజీకి తీసుకొచ్చేదాన్ని. నేను రిటైరయ్యాక కూడా ఆ పని మానలేదు. ఆయన తెర ముందు కూర్చుంటే, నా తర్వాత ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఆకులు మార్చేది. ఆ అమ్మాయికి సారంటే భయం.

ఒక రోజు సారు ఒక నమూనాకు పేరు చెప్పారు. ఆ అమ్మాయి రాయకుండా పెన్ను పట్టుకుని కూర్చుంది.

"ఏమైంది, రాయి."

"సార్... నాకెందుకో గిది అది కాదేమో అనిపిస్తుంది సార్."

 సారు ఆమె వైపు తల తిప్పారు. తర్వాత బల్ల పట్టుకుని లేచి, తెర ఎదురుగా ఉన్న తన కుర్చీని చేత్తో తడిమి ఆ అమ్మాయి వైపు జరిపారు.

"అట్లయితే గీడ కూసో. నువ్వు చూపియ్, నేను చూస్త."